తంతి చివర పేరు

ఉపదేశి ఇశ్రాయేలు గారు కట్టిన కోతపండుగ కీర్తన ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. ఆయన బతికున్నన్నాళ్ళూ మండపేట సంఘంలో ఏడాదికొక్కసారి పాడేవారు. ఆయన పోయాక అదీ ఆగిపోయింది. అలాంటి కీర్తనని కిందటి ఆదివారం, ఆరాధన ముగిసి జనమంతా గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటున్న వేళ, నతానియేలు అయ్యగారు పియానో మీద వాయించారు. ఆ ఊరికి పాస్టరుగా వచ్చి ఆయనకి నిండా ఎనిమిది నెలలు కాలేదు. ఇశ్రాయేలు గారి చిన్నకూతురు రాజరత్నం టీచరు, ఒక కాలు గడప ఇవతల, ఒక కాలు అవతల పెట్టి అలాగే నిలబడిపోయింది.

ఆయనకి పాట తెలిసినందుకు కాదు. సంఘంలో ముసలివాళ్ళెవరో పాడి వినిపించారని సరిపెట్టుకోవచ్చు. కానీ చరణం చివర, స్వరం నిటారుగా పైకెక్కాల్సిన చోట, అయ్యగారి వేలు ఒక్క మెట్టు కిందికి జారింది. ఆ తప్పు ఈ లోకంలో ఒకే ఒక్క మనిషిది. అక్క జ్ఞానసుందరిది. నాన్న హార్మోనియం పెట్టె మీద అరచేత్తో కొట్టి "అక్కడ జారకే!" అని ఎన్నిసార్లు కసిరినా, అక్క సరిగ్గా అక్కడే జారేది. కలకత్తాకి నర్సు ట్రైనింగుకని వెళ్ళిన అక్క. ఐదేళ్ళ తర్వాత పచ్చకామెర్లతో పోయిందని తంతి, దాని వెనకాలే ఆమె ట్రంకుపెట్టె మాత్రం ఇంటికొచ్చాయి. ఆమె పోయి ఇరవయ్యారేళ్ళు. పోయిన మనిషి గొంతులోని తప్పు ఈయన వేళ్ళలోకి ఎలా వచ్చింది?

నాలుగు రోజులుగా రాజరత్నానికి అన్నం సయించలేదు. నిద్ర పట్టలేదు. దసరా సెలవులు కావడంతో బడికి వెళ్ళి పిల్లల మీద అరిచే అవకాశం కూడా లేకపోయింది.

గురువారం పొద్దున్న ఆమె కాఫీ గ్లాసు చల్లారబెట్టుకుని కూర్చుంటే, సంఘ కార్యదర్శి చంద్రరావు గారు గేటు తీసుకుని వచ్చారు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో తెలుసుకోకపోతే ఇప్పటికీ ఆయనకి పొద్దు గడవదు.

"టీచరుగారూ, ఇదిగోనండి. చదివి సంతకం పెట్టేయండి. పదిమంది పెద్దలం పెట్టేశాం. మీదొక్కటే ఖాళీ."

బిషప్ గారికి అర్జీ. నతానియేలు అయ్యగారిని వెంటనే మండపేట నుంచి తీసేయాలని. రాజరత్నం కళ్ళజోడు సవరించుకుని చదివింది. కీర్తనలకి తాగుడు హోటళ్ళ దరువులు వేస్తున్నారని ఒకటి. ప్రతి శుక్రవారం ఎవరికీ చెప్పకుండా రాజమండ్రి వెళ్ళి చీకటిపడ్డాకే వస్తున్నారని ఇంకొకటి. అరవై దగ్గరపడుతున్నా పెళ్ళి లేకపోవడం అనుమానాలకి తావిస్తున్నదని మరొకటి.

"హోటళ్ళంటే?"

"కలకత్తాలో పెద్దపెద్ద హోటళ్ళలో పియానో వాయించేవాడంటండి. జాజ్ అంటారంట దాన్ని. అక్కడ గ్లాసులు, ఇక్కడ ఈయన. పోనీ, కుర్రతనంలో చేశాడు, దేవుడు క్షమించాడు అనుకుందాం. గురువుగా అభిషేకం పొందాక కూడా వాయించాడంట! మా బావమరిది ఖర్గపూర్ రైల్వేలో ఉన్నాడు కదండీ, వాడు ఉత్తరం రాశాడు."

కలకత్తా అన్న మాట దగ్గరే రాజరత్నం చెవి ఆగిపోయింది.

చంద్రరావు గారు గొంతు తగ్గించారు. "అసలు సంగతి వినండి. ఈయన్ని బిషప్ గారు మనకి పంపలేదండి. ఈయనే అడిగి వేయించుకున్నాడు. పెద్ద టౌన్లో పెద్ద సంఘం ఇస్తామంటే వద్దన్నాడంట. మండపేటే కావాలన్నాడంట. ఆఫీసు గుమాస్తా స్వయంగా చెప్పాడు. మిల్లుల ఊకపొయ్యిల పొగా, ధాన్యం లారీలూ తప్ప మన ఊళ్ళో ఏముందండీ? ఎందుకొచ్చినట్టు?"

"కాగితం నా దగ్గర ఉంచండి. సాయంత్రం చెబుతాను," అంది రాజరత్నం.

"ఇందులో ఆలోచించడానికేముందండీ?"

"ఉంచండి అన్నాను కదండీ."

ఆయన వెళ్ళగానే ఆమె చీర మార్చుకుని, కాగితం నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుని, చర్చి వైపు నడిచింది.

చర్చిలో ఎవరూ లేరు. వేదిక పక్కన పియానో ముందు చెక్క ఊడదీసి గోడకి ఆనించి ఉంది. లోపల తీగలన్నీ బయటపడ్డాయి. పూర్వం దొరసాని ఎవరో కాలవ మీద పడవలో తెప్పించిన వాయిద్యం అది. ముప్ఫై ఏళ్ళు దాని మీద కొవ్వొత్తుల పెట్టెలు పెట్టుకున్నారు తప్ప ఎవరూ ముట్టుకోలేదు. కిందటేడాది తుఫానుకి రేకులు లేచిపోయి నీళ్ళు కారితే, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామనుకున్నారు. ఈయన వచ్చి అడ్డుపడ్డారు. ఎనిమిది నెలలుగా తీగ తీగా ఆయనే బిగిస్తున్నారు.

నతానియేలు అయ్యగారు మోకాళ్ళ మీద కూర్చుని, చెక్కపిడి ఉన్న ఇనప పనిముట్టుతో ఒక తీగని శ్రుతి చేస్తున్నారు. సన్నటి మనిషి. తెల్లజుట్టు. వేళ్ళు మాత్రం ఆ ఒంటికి అతికించినట్టు పొడుగ్గా ఉంటాయి. రాజరత్నం రావడం చూసి లేవబోయారు.

"వందనాలండి అయ్యగారూ. కూర్చోండి."

"వందనాలు టీచరుగారూ. ఇలా వచ్చారేంటి?"

"ఆదివారం చివర్లో మీరు వాయించింది ఏ పాటండీ?"

ఆయన చెయ్యి ఆగింది. ఆగిందన్నది ఆమెకి తెలియకూడదన్నట్టు వెంటనే మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది.

"ఏదో పాత కీర్తనండి. ఇక్కడి పెద్దవాళ్ళెవరో పాడుతుంటే విన్నాను."

"ఎవరండీ?"

"పేరు గుర్తు రావడం లేదు. పెద్దావిడ."

"సంపూర్ణమ్మ గారా? కాలవగట్టు మీద ఉండే ఆవిడ?"

"అయ్యుండొచ్చండి. ఆఁ, ఆవిడే."

"ఆవిడ పోయి పదేళ్ళయిందండి అయ్యగారూ."

బయట రోడ్డు మీద ఖాళీ ట్రాక్టరు ఒకటి గలగలమంటూ పోయింది. పిల్లల అబద్ధాలు పట్టుకోవడంలో రాజరత్నానికి ఇరవయ్యెనిమిదేళ్ళ అనుభవం. అబద్ధం దొరికిపోయిన పిల్లవాడు ముందు కిటికీ వైపు చూస్తాడు. అయ్యగారు కూడా కిటికీ వైపే చూశారు.

"ఒక్కసారి వాయించండి," అంది ఆమె.

"ఇంకా శ్రుతి కుదరలేదండి. రేపెప్పుడైనా..."

"ఆదివారం కుదిరిన శ్రుతి గురువారానికి పోయిందాండీ? వాయించండి."

ఆయన లేచి, పియానో బల్ల మీద కూర్చున్నారు. తప్పించుకోవడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని పియానో మెట్ల వైపు కాసేపు చూశారు. తర్వాత వాయించారు. ఎడమచేయి ఎద్దుబండి నడకలా ఊగుతూ సాగింది. కుడిచేయి మాత్రం ఆ నడకకి లొంగకుండా కాస్త ముందూ కాస్త వెనకా పడుతూ నాన్న కీర్తనని పాడింది. రాజరత్నం రెండు చేతులతో సంచి పట్టుకుని నిలబడింది. చరణం వచ్చింది. చివరికొచ్చింది. వేలు జారింది.

"అక్కడ తప్పు వాయించారు."

"తప్పు కాదండి." చటుక్కున వచ్చింది ఆ మాట, సొంత బిడ్డని ఎవరో తిట్టినట్టు. "తప్పు కాదు. అది అలాగే ఉండాలి."

"ఆ పాట కట్టింది మా నాన్నగారు. అలా ఉండకూడదని ఆయన హార్మోనియం పెట్టె పగిలేలా కొట్టేవారు. మరి అలాగే ఉండాలని మీకెవరు నేర్పారండీ?"

అయ్యగారు లేవబోతూ తడబడ్డారు. ఒళ్ళోంచి పనిముట్టు జారి నేల మీద పడి, దొర్లుతూ వచ్చి రాజరత్నం కాలి దగ్గర ఆగింది. ఆమె వంగి తీసింది. చెక్కపిడి చేతిచెమటకి నల్లబడి నున్నగా అయింది. దాని మీద చాకుతో చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు మూడున్నాయి. ఎన్. ఏ. టీ.

నాట్.

ఆ మూడక్షరాలూ ఆమెకి కొత్త కాదు. డెబ్భైయొకటి జనవరిలో వచ్చిన తంతి చివర ఉన్నవి అవే. 'జ్ఞానసుందరి ఎక్స్‌పైర్డ్ జాండిస్ బరీడ్ హియర్ నాట్.' తంతి జవాను చదివి వినిపించినప్పుడు అమ్మ చివరి మాట పట్టుకుంది. నాట్ అంటే కాదని కదా అర్థం? మిషన్ స్కూల్లో ఆమె నాలుగో తరగతి దాకా చదువుకుంది. పోయింది అని రాసి, చివర కాదు అని రాశారంటే, పోలేదనే కదా? నాన్న ఆ కాగితం పట్టుకుని ముందు హెడ్మాస్టరు దగ్గరికి, తర్వాత పోస్టుమాస్టరు దగ్గరికి వెళ్ళారు. కాదన్న మాటకి మధ్యలో ఓ ఉండాలి, ఇక్కడ ఏ ఉంది, ఇది పంపినవాడి పేరు అయ్యుంటుందన్నారు వాళ్ళు. నాన్న నమ్మారు. నాలుగేళ్ళకి ఆయన కూడా పోయారు. అమ్మ మాత్రం నమ్మలేదు. ఎనభై మూడులో చనిపోయేదాకా, ఇంటికి ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరొచ్చినా సరే, పెట్టె అడుగునుంచి ఆ కాగితం తీసి, "ఈ ఆఖరి మాట ఏంటో కాస్త చూడండి బాబూ," అని అడిగేది.

"మీరేనా?" అంది రాజరత్నం. "తంతి ఇచ్చింది మీరేనా?"

ఆమె సంచిలోంచి అర్జీ తీసి, పియానో మెట్ల మీద పరిచింది. "పది సంతకాలున్నాయండి. పదకొండోది నాది. ఇప్పుడు మీరు చెప్పేదాన్ని బట్టి ఇక్కడే, మీ ముందే పెడతాను. అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది. మొదట్నుంచీ చెప్పండి."

నతానియేలు అయ్యగారు ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు. ఆమె చేతిలోని పనిముట్టునే చూస్తూ మొదలుపెట్టారు.

"మా నాన్న ఖర్గపూర్‌లో రైల్వే ఫిట్టరండి. ఊరు తుని దగ్గర. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పియానో ఉండేది. దొరలు వెళ్ళిపోయాక దాన్ని అడిగేవాళ్ళు లేక నేను వాయించుకునేవాణ్ణి. ఇరవయ్యేళ్ళకి కలకత్తా హోటల్లో పని దొరికింది. ఐదుగురం కలిసి వాయించేవాళ్ళం. నతానియేలు అని ఎవరికీ నోరు తిరిగేది కాదు. నాట్ అనేవారు. తంతి ఫారం మీద చెయ్యి అలవాటుకొద్దీ అదే రాసేసింది."

"మా అక్క నర్సు ట్రైనింగుకి వెళ్ళిందండీ. హోటల్లో మీకెలా తెలుసు?"

"హాస్పిటల్ పక్క చర్చిలో తెలుగు ఆరాధన ఉండేదండి. అక్కడ ఈ పాట పాడింది. చివర జారింది." ఆయన ముఖం మీద ఒక్క క్షణం ఏదో వెలిగి ఆరిపోయింది. "మా సంగీతంలో ఆ జారుడు కోసం జనం ఏళ్ళకేళ్ళు కష్టపడతారండి. అటు సంతోషమూ కాదు, ఇటు దుఃఖమూ కాదు, రెంటి మధ్యా ఉండే స్వరం. మీ అక్కగారికి అది పుట్టుకతో వచ్చింది. ఆరాధన అయ్యాక వెళ్ళి, మా బ్యాండులో పాడతారా అని అడిగాను. ఆ పాపం నాది. నవ్వింది. మూడు నెలలు నవ్వింది. తర్వాత వచ్చి పాడింది."

"నర్సు పని?"

"మానేసిందండి. మీ నాన్నగారికి ఎవరో చెప్పారు. ఆయన ఉత్తరం రాశారు. తాగేవాళ్ళ ముందు పాడే కూతురు నాకు చచ్చినదానితో సమానం అని. ఆ ఉత్తరం వచ్చేసరికి ఆమె కడుపుతో ఉంది."

రాజరత్నం పియానో అంచు పట్టుకుంది.

"నావల్ల కాదండి. మీరు నమ్మకపోయినా సరే. బ్యాండులో సాక్సఫోను ఊదేవాడు ఒకడు. పెళ్ళి చేసుకుంటానన్నాడు, ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు ఆమె నా దగ్గరికొచ్చి తంతి ఫారం ఇచ్చి రాయమంది. ఏం రాయాలో ఆమే చెప్పింది. 'చచ్చిపోతే ఒకసారి ఏడుస్తారు నాట్. ఇలా బతికుంటే రోజూ తలదించుకుంటారు' అంది. నేను వద్దనలేదు. అనాల్సింది. ఆమె ట్రంకుపెట్టె మీ ఇంటికి రైల్లో వేసింది కూడా నేనే."

"ఆ తంతిలో ఆఖరి మాటని మా అమ్మ కాదు అని చదువుకుంది," అంది రాజరత్నం.

"ఏంటండీ?"

"నాట్ అంటే కాదు అని. పోలేదు అని. పన్నెండేళ్ళు, వచ్చినవాళ్ళందరికీ చూపించింది. మేమంతా ఆవిడకి మతి చలించిందనుకున్నాం."

ఆయన పొడుగు వేళ్ళతో ముఖం కప్పుకున్నారు. భుజాలు కదిలాయి. శబ్దం మాత్రం రాలేదు. రాజరత్నానికి జాలి వేయలేదు. నిజంగా ఏడుస్తున్నాడా, లేక ఏడుపు చాటున తర్వాతి మాట వెతుక్కుంటున్నాడా అని చూస్తూ నిలబడింది. అలా చూస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చూపు తిప్పుకోలేదు.

కొంతసేపటికి ఆయన తేరుకున్నారు. ఆ తంతి ఇచ్చిన మూడేళ్ళకి హోటల్లో ఉద్యోగం మానేసి దైవశాస్త్రం చదవడానికి వెళ్ళాననీ, గురువునయ్యాననీ చెప్పారు.

"మానేశాక మళ్ళీ వాయించారంట కదండీ?"

"వాయించానండి. దాచుకోను. మా బిషప్ గారు అడిగారు, రెండిట్లో ఏది వదులుకుంటావని. ఏదీ వదలలేనన్నాను. ఖర్గపూర్ సంఘంలో పద్నాలుగేళ్ళున్నాను. శనివారం సాయంత్రం కలకత్తా హోటల్లో పియానో ముందు, ఆదివారం పొద్దున్న ప్రభువు బల్ల ముందు. రెండిటికీ ఒకటే నల్లకోటు. ఒకరు ఒక మాట అంటే రెండోవాడు మనసుపెట్టి విని బదులు చెప్పడమేనండి జాజ్ అంటే. ప్రార్థన దానికంటే వేరుగా ఉంటుందని నాకెప్పుడూ అనిపించలేదు."

ఆ మాటలు బాగున్నాయి. బాగున్నందుకే రాజరత్నానికి భయం వేసింది. ఇంత చక్కగా మాట్లాడే మనిషే ఇందాక చనిపోయిన సంపూర్ణమ్మని సాక్షిగా నిలబెట్టాడు.

"మరి మా ఊరికి ఎలా వచ్చారండీ?" అని మామూలుగా అడిగినట్టు అడిగింది.

"బదిలీ మీదేనండి. బిషప్ గారు ఎక్కడికి పంపితే అక్కడికి."

కిటికీ వైపు చూపు.

ఇరవయ్యారేళ్ళ నాటి పాపం ఒప్పుకున్నాడు, ఎనిమిది నెలల కిందటి సంగతి దాస్తున్నాడు. అంటే దాచాల్సింది పాతది కాదు. ఇప్పటిది.

"తంతి అబద్ధమైతే మా అక్క ఎప్పుడు పోయిందండీ?"

ఆయన గోడకి ఆనించిన చెక్క వైపు తిరిగారు.

"ఎక్కడ పాతిపెట్టారు?"

"పోయిందని నేను రాసింది ఆ తంతిలోనేనండి," అన్నారాయన, ఒక్కొక్క మాటా తూచినట్టు. "ఆ తర్వాత ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు."

రాజరత్నం ముందు వరస బెంచీ మీద కూలబడింది. బతికుంది. అక్క బతికుంది. కన్నీళ్ళు వస్తాయనుకుంది, రాలేదు.

"ఎక్కడ?"

"ఒక్క వారం ఆగండి."

"శుక్రవారం శుక్రవారం మీరు వెళ్ళేది అక్కడికేనా? రాజమండ్రిలో ఉందా?"

"టీచరుగారూ, దయచేసి... ఒక్క వారం. నేను ముందు వెళ్ళి కొన్ని చక్కబెట్టాలి. మీరు మాత్రం అక్కడికి రావద్దు. మీకు దండం పెడతాను." నిజంగానే చేతులు జోడించారు.

రాజరత్నం ఆ ముఖాన్ని పరిశీలించి చూసింది. సిగ్గుపడేవాడి ముఖం కాదది. భయపడేవాడిది. అక్క బతికున్న సంగతి చెప్పేశాక ఇంకా దేనికి భయం?

ఆమె అర్జీ మడిచి సంచిలో పెట్టుకుంది. సంతకం చేయలేదు. చేయనని కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం చంద్రరావు గారు మళ్ళీ వస్తే, తలనొప్పిగా ఉందని లోపల్నుంచే పంపేసింది.

మర్నాడు శుక్రవారం. మిల్లులో బస్తాలు మోసే సంఘస్థుడొకాయన తెల్లవారుజామున పోయాడు. పదకొండింటికి సమాధి కార్యక్రమం. అయ్యగారు ఊరు కదలడానికి లేదు. ఆయన నల్లకోటు వేసుకుని ఆ ఇంటి వైపు వెళ్ళడం రాజరత్నం కిటికీలోంచి కళ్ళారా చూసింది. పావుగంటలో ఆమె బస్టాండులో ఉంది.

రాజమండ్రి బస్సు కండక్టరు గంగయ్య ఆమె దగ్గర ఐదో తరగతి చదివినవాడే. టిక్కెట్టు చింపుతూ, "సెలవుల్లో ఎక్కడికండి టీచరుగారూ?" అన్నాడు.

"మా అయ్యగారు ప్రతి శుక్రవారం వెళ్ళే ఇంటికి గంగయ్యా. ఆయన ఇవాళ సమాధికి ఆగిపోయారు. ఆ ఇల్లెక్కడో నీకేమైనా తెలుసా?" మాటల్లో అబద్ధం లేకుండా చూసుకుంది. అయినా చెంపలు వేడెక్కాయి.

"తెలీకేమండీ! దసరాల ముందు కరెంటుతో వాయించే పియానో ఒకటి పట్టుకొచ్చారు కదా, అట్టపెట్టెలో. ఒక్కరూ మొయ్యలేకపోతుంటే నేనే మోసి దింపానండి. ఇన్నీసుపేటలో, పెద్ద చర్చి వెనక సందు. జాకెట్లు కుడతామని బోర్డుంటుంది. ఆ ఇంటావిడకి చూపు లేదండి పాపం. పియానో పెట్టె తడిమి తడిమి ఏడిచేసిందండి."

ద్వారపూడి దాటింది. ఇంకా ఏవో ఊళ్ళు దాటాయి. రాజరత్నానికి ఏవీ కనబడలేదు. చూపు లేదు. ఎప్పటినుంచి? ఎలా పోయింది? ముందుగా ఏమనాలి? అక్కా అని పిలవాలా? పిలిస్తే ఈ గొంతు గుర్తుపడుతుందా? అక్క వెళ్ళేటప్పుడు తనకి ఇరవయ్యేళ్ళు, ఇప్పుడు యాభై ఒకటి. గొంతు మనిషితో పాటు ముసలిదవుతుందా?

బస్సుల కాంప్లెక్సులో దిగి ఆటో ఎక్కింది. పెద్ద చర్చి వెనక సందులో ఆరో ఇల్లు. పెంకులు పాతవే అయినా వాకిలి శుభ్రంగా ఊడ్చి ఉంది. గంగయ్య చెప్పిన బోర్డు ఉంది. లోపల్నుంచి కుట్టుమిషను చప్పుడు వస్తోంది.

రాజరత్నం తలుపు కొట్టింది. మిషను ఆగింది. మెడలో టేపు వేలాడేసుకున్న పాతికేళ్ళు దాటిన మనిషి తలుపు తీసింది. ఆ ముఖం చూడగానే రాజరత్నం చేతిసంచి జారిపోబోయింది. అమ్మ ముఖం. ఆ గడ్డం మీద సొట్టా, ఆ కనుబొమలూ, ఎదుటివాళ్ళు మాట్లాడకముందే కాస్త తల వంచి వినే అలవాటూ, అంతా అమ్మే. ఇక ఏ అనుమానమూ అక్కర్లేదు. ఈ పిల్ల తన రక్తం.

"ఎవరండీ? జాకెట్టు కొలతలకా?"

"కాదమ్మా. జ్ఞానసుందరి గారు... మీ అమ్మగారేనా?"

"అవునండి. అమ్మ భోంచేస్తోంది. కాసేపు కూర్చోండి. మీరెక్కణ్ణుంచి?"

"మండపేట."

ఆ పిల్ల ముఖం విప్పారింది. "అయ్యో, మా అయ్యగారి ఊరా! ఆయన ఇవాళ రాలేదేంటండీ? ఒంట్లో బాగానే ఉన్నారు కదా? లోపలికి రండి, రండి. అమ్మకి ఎవరొచ్చారని చెప్పమంటారు?"

ముప్ఫై ఏళ్ళకి పైగా దాచుకున్న ఊపిరి ఒక్కసారి బయటికి వచ్చినట్టయింది రాజరత్నానికి. ఇప్పుడు కన్నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు.

"రాజరత్నం వచ్చిందని చెప్పమ్మా. నేను... మీ అమ్మకి చెల్లెల్ని. నీకు పిన్నిని."

ఆ పిల్ల నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లమెల్లగా కరిగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఒక చెయ్యి తలుపు రెక్క మీదికి వెళ్ళింది.

"అదేంటండీ అలా అంటారు? రాజరత్నం పిన్ని ఏడు నెలల నుంచి ఇక్కడికి వస్తూనే ఉంది. చెల్లెలి కోసం అమ్మ బెంగపెట్టుకుంటే అయ్యగారే మండపేట నుంచి తీసుకొచ్చి అమ్మకి అప్పజెప్పారు. ఇప్పుడు లోపల అమ్మకి అన్నం కలిపి పెడుతున్నది మా పిన్నే!" తలుపు ఇంకొంచెం మూస్తూ అడిగింది. "అసలు మీరెవరండీ?"